కొంగ దగ్గర కాలు మార్పు

జ్యేష్ఠ బహుళ విదియ. తెలుపు: పిల్లరాయికి బాగా కింద.

పై తరగతి చెప్పేవాళ్ళే బడి దినచర్య రాయాలని ఇక్కడ రూలు. తిథి, కింద నుంచి పైకి పాకే తెల్లమబ్బు, అంటే తెలుపు, ఎక్కడిదాకా వచ్చింది, ఏ తరగతిలో ఎవరు చేరారు, ఎవరు జారారు, అంతే రాయమన్నారు. అంతకు మించి రాయొద్దని మాత్రం ఎవరూ అనలేదు. అందుకని నేను మించే రాస్తుంటాను. కాగితం దండగని కొండ నెత్తి మీద ఉండే పెద్దలు సణుగుతారు. సణుక్కోనీ.

ఈరోజు కింది తరగతి మొదలైంది. చేరినవాళ్ళలో మా ఆయన ఉన్నాడు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. పేరు గవరయ్య, ఈ బడికి వంటవాడు. యాభై దాటి చాలాకాలమైంది, రుచి చూసే వంకతో పెంచిన పొట్ట ఒకటి ఉంది. కొండెక్కడం నేర్పే బడిలో ఉంటూ కొండెక్కడం రాని మనిషి ఈయనొక్కడే. ఒక ఏడు మోకాలు నొప్పన్నాడు. ఒక ఏడు పొయ్యి కొత్తగా వేశాం, దానికి చెయ్యి అలవాటు పడాలన్నాడు. మరీ గట్టిగా అడిగితే, "నాను ఎక్కడం నేర్సుకుంటే మీకు కూడెవుడు ఒండుతాడే?" అని నన్నే ఎదురు అడిగేవాడు.

ఇన్నేళ్ళలో తెలుపు కొండ నడుం దాకా ఎప్పుడూ రాలేదు. బడి, ఇళ్ళు, చోడి చేలు అన్నీ నడుం మీదే కాబట్టి నేనూ ఊరుకున్నాను. ఈ ఏడు వానలు మొదలవకముందే అది నడుం కింది పొదల్లోకి వచ్చేసింది.

"ఏటే సూరీడు, ఇక తప్పదా?" అన్నాడు పొద్దున.

"తప్పదు మావా."

"అయితే పద," అని గరిటె కడిగి గోడకి తగిలించి వచ్చాడు.

కింది తరగతి పిల్లరాయి మీద జరుగుతుంది. ముడులు వేయడం, చేతులతో వేలాడకుండా కాళ్ళ మీద నిలబడటం, కిందికి చూసి భయపడకపోవడం నేర్పుతాం. నడిమి తరగతి బడికి కింద ఉన్న నడిమిగోడ మీద. పై తరగతి బడికి పైన ఉన్న నిట్టగోడ మీద, అది నాది. నిట్టగోడ పైకి వెళ్తే కొండ నెత్తి. అక్కడ గాలి ఎప్పుడూ ఆగదు, అందుకే ఇప్పటికి తెలుపు నిలవదు. మునుపు నెత్తికి మెట్లదారి ఉండేది. కొండచరియ విరిగిపడి అది పోయాక గోడ ఎక్కగలిగినవాళ్ళే నెత్తి చేరగలరు. చంటిపిల్లల్ని మాత్రం పై తరగతివాళ్ళు వీపున కట్టుకుని ఎక్కిస్తారు.

పెద్ద మనుషుల్ని తాడుతో లాగలేం. తాళ్ళు పాతవి. కొత్త తాళ్ళు చేసే ఊళ్ళన్నీ తెలుపు కింద ఉన్నాయి. మనిషి తన కాళ్ళ మీద ఎక్కుతూ ఒక్కసారి జారితే ఈ తాడు ఆపుతుంది, అంతే. అంచు మీద బరువు వేలాడితే పీచు పీచైపోతుంది. అందుకే పైన తాడు పట్టేవాళ్ళ నడుముకి కత్తి ఉంటుంది. తాడు తెగిపోయేలా ఉంటే, పట్టినవాళ్ళు కూడా జారేలా ఉంటే, కోసేయాలి. మిగిలిన తాడైనా మిగతావాళ్ళకి దక్కాలి.

సొంతవాళ్ళయితే ఆ కత్తి తియ్యలేరు. అందుకని ఈ కొండ మీద ఒక కట్టుబాటు ఉంది. సొంత మనిషికి తాడు పట్టకూడదు, నేర్పకూడదు. వాళ్ళ పరీక్షప్పుడు వీపు తిప్పి నిలబడాలి. ఎలా చేశారని తర్వాత అడగనూ కూడదు, అడిగితే నేర్పినవాళ్ళని అనుమానించినట్టు. ఈ బడిలో ఎంతోమందికి నేర్పాను. మా ఆయనకి మాత్రం జగ్గునాయుడే నేర్పాలి. కింది తరగతీ నడిమి తరగతీ అతనివే. నన్ను అక్కలా అప్పా అంటాడు, మా ఆయన్ని బావా అంటాడు, అయినా చుట్టం కాదు. కాకపోవడమే మాకు కావలసింది.

జ్యేష్ఠ బహుళ దశమి. తెలుపు: పిల్లరాయి పాదం దగ్గర.

ముడుల పరీక్షలో మా ఆయన అందరికంటే ముందున్నాడని జగ్గునాయుడు తనంతట తనే చెప్పాడు. నాకు ఆశ్చర్యం లేదు. నూతిలోకి గుండిగలు దించి కడిగే మనిషికి ముడులు రాకపోతే ఎలా? రాయి మీద మాత్రం చేతులతో వేలాడుతున్నాడట. గట్టు కనబడితే చాలు పొట్ట ఆనించేస్తున్నాడట.

కింది తరగతిలో బంగారమ్మ అని ఒక ముసలామె కూడా చేరింది. డెబ్భై దాటింది. రాయి ఎక్కడం కంటే రాయి కింద కూర్చుని మాట్లాడటం బాగా వచ్చు. ఈరోజు అందరూ అంబలి తాగుతుంటే తెలుపు సంగతి చెప్పింది.

"నాను సిన్న గుంటప్పుడు, ఇమానాలొచ్చి సముద్రం మీద మందు సల్లినాయి. మబ్బు తెల్లగయితే ఎండ తగ్గిపోద్దన్నారు. తగ్గినాది కూడాను. మా ఊరోళ్ళమందరం ఈదిలోకొచ్చి సప్పట్లు కొట్టినాం, నీడొచ్చినాదని."

"మరి ఆ నీడ కిందికెందుకు దిగిందే?" అన్నాడు మా ఆయన.

"నాకేటి తెలుసు? పైనుండి పైనుండి ఇసుగెత్తినాదేమో."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ కింద ఉన్నదాంట్లో ఊపిరి తీస్తే నిద్రపడుతుంది. దగ్గు రాదు, నొప్పి ఉండదు, లేవడం ఉండదు. రాత్రిళ్ళు పైకి వస్తుంది, ఎండ ఎక్కాక కొంచెం దిగుతుంది. దిగేది ఎప్పుడూ ఎక్కినదానికంటే తక్కువే.

ఆషాఢ శుద్ధ పాడ్యమి. తెలుపు: పిల్లరాయి మునిగింది.

పొద్దున లేచి చూస్తే పిల్లరాయి లేదు. ఎండ ఎక్కాక నున్నటి కొస ఒకటి బయటపడింది, దాని మీద ఎవరిదో మరిచిపోయిన తువ్వాలు.

ఇన్నేళ్ళూ మేం ఒక్క క్రమంలో నేర్పాం. తేలిక రాయి కింద ఉంటుంది, కష్టమైన రాయి పైన. మనిషి నేర్చుకుంటూ పైకి పోతాడు. తేలిక రాయే ముందు మునుగుతుందని మాకెవరికీ తోచలేదు. ఇప్పుడు కొత్తవాళ్ళని ఎక్కడ పెట్టి నేర్పాలి? జగ్గునాయుడూ నేనూ చాలాసేపు మాట్లాడుకుని, కింది తరగతిని తీసుకెళ్ళి నడిమిగోడ మీద పెట్టాం. మాట్లాడుకోవడానికి నిజానికి ఏమీ లేదు. ఉన్నది ఆ గోడే.

నడిమిగోడ మీద కొంగరాయి అని ఒక చోటు ఉంది. అక్కడ ఒక్క పాదానికే చోటు. ఎక్కి వచ్చేది ఎడమ కాలి మీద, పైకి పోవడానికి అదే చోట కుడికాలు ఉండాలి. చిన్నగా ఎగిరి ఎడమ కాలు తీసి కుడికాలు వెయ్యాలి. రెండు కాళ్ళూ గాలిలో ఉండేది రెప్పపాటే. ఆ రెప్పపాటుకే చాలామంది ఏడుస్తారు. అది రాకుండా నిట్టగోడ ఎక్కలేరు, ఎందుకంటే అక్కడ సగం ఎత్తులో ఇలాంటిదే ఇంకోటి ఉంది. దాన్ని పెద్దకొంగ అంటాం. నడిమిగోడ మీది కొంగ దగ్గర తప్పు చేస్తే గడ్డిలో పడతారు. పెద్దకొంగ కింద గడ్డి లేదు.

ఆషాఢ శుద్ధ షష్ఠి. తెలుపు: నడిమిగోడ మొదట్లో.

బంగారమ్మ బడి మానేసింది. కొంగరాయి దాకా వెళ్ళి, ఒకసారి కిందికీ ఒకసారి పైకీ చూసి, "నన్ను దించీయండి బాబూ" అంది. దింపాక నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"పైకెల్లి ఏటి సేత్తారే అమ్మా?"

"బతుకుతాం."

"ఎన్నాళ్ళు?"

ఆమె నడుముకి ఉన్న ముడి విప్పుతూ కూర్చున్నాను. నెత్తి మీద చోటెంతో నాకు తెలుసు, తెలుపు ఏడాదికి ఎంత పైకి వస్తోందో కూడా తెలుసు. మూడు తరగతులూ పూర్తి చేసినవాళ్ళకి కొన్ని ఏళ్ళు ఎక్కువ దొరుకుతాయి. నాలుగో తరగతి చెప్పడానికి ఆ పైన రాయి లేదు. ఈ మాట విద్యార్థులతో ఎప్పుడూ అనను. అంటే మొదటి ముడి కూడా వెయ్యరు.

ఇంటి దగ్గర మా ఆయన పీట మీద కాలు మార్పు సాధన చేస్తున్నాడు. పొయ్యి మీద అంబలి ఉడుకుతుంటే ఒక చేత్తో గరిటె తిప్పుతూ, రెండో చేత్తో దూలం పట్టుకుని, పీట అంచు మీద ఎడమ కాలు, కుడికాలు, ఎడమ కాలు అనుకుంటూ ఎగురుతున్నాడు. పీట మీద చక్కగా వస్తోంది. కట్టుబాటు ప్రకారం నేను చూడకూడదు, నేర్పకూడదు. గోడ వైపు తిరిగి చేటలో చోళ్ళు చెరుగుతూ కూర్చున్నాను. మడమ పైకి లేస్తున్న చప్పుడు నాకు తెలుస్తోంది. మడమ దించు మావా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఏటే, గొణుగుతున్నావు?" అన్నాడు.

"అంబలి మాడుతోందంటున్నాను."

"నా సేతిలో అంబలి ఎప్పుడు మాడినాదే?" అని నిజంగానే కోపం తెచ్చుకున్నాడు.

ఆషాఢ శుద్ధ ద్వాదశి. తెలుపు: నడిమిగోడ సగానికి.

నడిమి తరగతి పరీక్ష. మామూలుగా ఏడాది పట్టే చదువు, పక్షం రోజుల్లో ముగించాం. రేపటికి కొంగరాయి మునిగేలా ఉంది, ఇక ఆగలేం. తెలుపుకి పైన మిగిలిన గట్టు మీదికి పక్కదారిన దిగి, అక్కణ్ణుంచి ఎక్కాలి.

మా ఆయన వంతు రాగానే నేను అందరికీ ఎడంగా వెళ్ళి చేనువైపు తిరిగి నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక తాడు రాసుకుంటున్న చప్పుడు, ఆయన ఆయాసం వినబడుతున్నాయి. ఒకచోట అంతా ఆగిపోయింది. కొంగ దగ్గరికి వచ్చాడని అర్థమైంది. నేను దేవుణ్ణి అంతగా నమ్మను, ఆ కాసేపు మాత్రం నమ్మాను. తర్వాత బట్ట రాయికి గీసుకున్న చప్పుడు, ఒక్కసారిగా అందరి చప్పట్లు.

"బావ పాసైపోనాడప్పా," అన్నాడు జగ్గునాయుడు. గొంతు మామూలుకంటే మెత్తగా ఉంది. పొద్దుటి నుంచీ తాడు పట్టి అలసిపోయాడనుకున్నాను.

వెనక్కి తిరిగేసరికి మా ఆయన మణికట్టుకి పాసైనవాళ్ళకి కట్టే పసుపు దారం ఉంది. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. ఇన్నేళ్ళ బడిలో నేను ఏడవడం ఎవరూ చూడలేదు కాబట్టి పిల్లలు వింతగా చూశారు. కాలు మార్చావా అని అడగాలని నాలుక దురద పెట్టింది. అడగకూడదు. అడగలేదు.

సాయంత్రం దాచుకున్న బెల్లం తీసి తీపి అంబలి కాచాడు. తను మాత్రం పెద్దగా తాగలేదు. "అలిసిపోనానే," అన్నాడు.

ఆషాఢ బహుళ పాడ్యమి. తెలుపు: బడి వాకిట్లో.

ఖాళీ చేస్తున్నాం. గింజలు, తాళ్ళు, మందులు, ఒక గుండిగ నిట్టగోడ మొదట్లోకి చేర్చాం. మిగతా గుండిగలు వదిలేయాలంటే మా ఆయన ఒక్కొక్కదాన్నీ తోమి బోర్లించి వచ్చాడు. ఎవరు చూస్తారని అడిగితే, "మురికిగా ఒగ్గీసి ఎల్తామేటి?" అన్నాడు.

బంగారమ్మ రానంది. గోడ మొదట్లో దాకా అయినా రమ్మన్నాను. "అక్కడ సల్లగాలి, నాకు పడదు," అంది. బడి అరుగు మీద చాప వేయించుకుంది. మా ఆయన ఆమె పక్కన ఒక చెంబుతో అంబలి పెట్టి వచ్చాడు. విదియ నాడు ఈ కిందే రాస్తున్నాను. పొద్దున పైనుంచి చూస్తే బడి కప్పు ఒక్కటే కనబడుతోంది. అరుగు కనబడలేదు.

నేను ఇంతవరకు చాలామందిని వదిలి పైకి వచ్చాను. ఆ చెంబు మాత్రం ఈరోజంతా కళ్ళలోనే ఉంది.

ఆషాఢ బహుళ తదియ. తెలుపు: నిట్టగోడ మొదట్లో.

నిట్టగోడ ఎక్కాం. ముందు నేను తాడు తీసుకుని ఎక్కాను, తర్వాత పై తరగతివాళ్ళు, వాళ్ళ వీపుల మీద పిల్లలు. తర్వాత జగ్గునాయుడు వచ్చి పైన తాడు అందుకున్నాడు. కొత్తవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఒకామె పెద్దకొంగ దగ్గర జారింది, తాడు ఆపింది, మళ్ళీ ఎక్కింది. చివరి మనిషి మా ఆయన. నేను అంచుకి దూరంగా వెళ్ళి, నీళ్ళ తొట్టి వైపు తిరిగి నిలబడ్డాను.

పెద్దకొంగకి కొంచెం కింద ఒక చిన్న అరుగు ఉంది. ఒక మనిషి నిలబడవచ్చు, ముడుచుకుంటే కూర్చోవచ్చు. ఆయన అక్కడిదాకా వచ్చాడని తాడు కదలిక చప్పుడుతో తెలిసింది. అక్కడ ఆగాడు. చాలాసేపు ఆగాడు. తాడు ఒక్కసారి గట్టిగా లాగినట్టయింది, జగ్గునాయుడు మూలిగాడు. కాసేపటికి మళ్ళీ లాగింది.

"అప్పా," అన్నాడు. "ఓపాలి ఇలా తిరుగు."

కట్టుబాటు తప్పి తిరిగాను. అంచు దగ్గర బోర్లా పడుకుని కిందికి చూశాను. మా ఆయన అరుగు మీద గోడకి మొహం ఆనించి నిలబడి ఉన్నాడు. కుడి మోకాలు చిప్ప రక్తంగా ఉంది.

"మోకాలు ఎందుకు వేశావు మావా? కాలు మార్చాలి కదా."

"అలాగే కదేటే ఏసినాను, పరీచ్చప్పుడు కూడాను," అన్నాడు పైకి చూడకుండా.

అంచు నుంచి వెనక్కి జరిగాను. లేచి జగ్గునాయుడి వైపు చూశాను.

"కొంగ దగ్గర మోకాలేసి ఎక్కీసినాడప్పా. అక్కడ పాదం సోటుకి పైన రాయి ఎడల్పు, మోకాలు పట్టీసినాది. అందరం సూసినాం."

"మరి దారం ఎందుకు కట్టావు? నా మొహం చూసా?"

"నీ మొగం ఎక్కడ కనబడినాది? నీ ఈపు సూసి కట్టినాను. అంతలా బిగుసుకుపోయి నిలబడ్డావు."

అతన్ని కొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు. పరీక్ష చూసినవాళ్ళందరికీ తెలుసు, అయినా చప్పట్లు కొట్టారు. ఒక్కరైనా నోరు విప్పి ఉంటే ఆ సాయంత్రమే, కొంగరాయి మునగకముందే, ఇంకోసారి ఎక్కించేవాళ్ళం. అందరూ నా మీద జాలిపడ్డారు. నేను కూడా కట్టుబాటు పట్టుకుని ఒక్క మాట అడగకుండా ఊరుకున్నాను, అది గొప్ప అనుకున్నాను.

ఆషాఢ బహుళ చవితి. తెలుపు: అరుగుకి ఒక నిలువు కింద.

ఆయన ఇంకా అరుగు మీదే ఉన్నాడు. తెలుపు ఒక్క రాత్రిలోనే ఇంత దూరం వచ్చింది, కిందికి దిగడానికి కింద ఏమీ మిగల్లేదు.

ఇక కట్టుబాటు గురించి నాకు ఎవరూ చెప్పలేదు. పొద్దుటి నుంచీ అంచు మీద పడుకుని నేనే నేర్పుతున్నాను. మడమ దించు. కుడిచెయ్యి పగుల్లో పెట్టు. కిందికి కాదు, కాలి వైపు చూడు. ఎత్తుగా ఎగరకు, కాలు కింద నుంచి కాలు లాగు. ఇంట్లో పీట మీద చెప్పి ఉంటే పది మాటలయ్యేవి.

"పీట అనుకో మావా."

"పీట అనుకుంటే గరిట కావాలే," అన్నాడు. నవ్వబోయాను, రాలేదు.

ఏడుసార్లు ప్రయత్నించాడు. పాదం లేచేసరికి పొట్ట గోడకి అంటుకుంటుంది, మోకాలు దానంతటది వస్తుంది. పెద్దకొంగ దగ్గర మోకాలికి చోటు లేదు, జారిపోతుంది. మధ్యాహ్నం నలుగురు కలిసి తాడు లాగి చూశారు. జానెడు లేచాడో లేదో అంచు దగ్గర తాడు పై పొర తెగి తెల్లటి పీచు బయటికి వచ్చింది. దించేశాం. పాడైన ముక్క కోసి, మళ్ళీ కట్టాం. ఉన్న మంచి తాడు ఇదొక్కటే. తెలుపు తగ్గినప్పుడు మిగిలిన గింజల కోసం కిందికి దిగాలన్నా ఇదే. ఇక లాగొద్దని పెద్దలు అన్నారు. వాళ్ళని తిట్టుకోలేను. వాళ్ళ స్థానంలో నేనున్నా అదే అందును.

సాయంత్రం చెంబులో అంబలి దించాం. తాగి, "ఉప్పెక్కువేసీసినారు. ఎవుడొండినాడు?" అని అరిచాడు. జగ్గునాయుడు వండాడని చెప్పాను. "ఆడికి తాడే ఇయ్యండి, గరిట ఇయ్యకండి," అన్నాడు. పక్కన జగ్గునాయుడు మోచేతిలో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

ఆషాఢ బహుళ పంచమి. తెలుపు: తెల్లవారేసరికి ఆయన నడుం దాకా.

కూర్చుంటే మునిగిపోతాడు. అందుకని రాత్రంతా నిలబడే ఉన్నాడు, నిలబడి ఉండేలా నేను పేరు పెట్టి పిలుస్తూ ఉన్నాను. ఇరవై ఏళ్ళలో మా ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. మావా అంటే పలకడం మానేశాడు, గవరయ్యా అంటే ఉలిక్కిపడి పలికాడు.

ఎండ ఎక్కాక అది మోకాళ్ళ కిందికి దిగింది. కూర్చుని కాసేపు పడుకున్నాడు. నిద్రలేచాక మూడుసార్లు ప్రయత్నించాడు. పాదం కొంగ దాకా కూడా లేవలేదు. నిన్నటికంటే ఈరోజు బలం తక్కువ, రేపటికి ఇంకా తక్కువ. నేర్చుకునేవాడికి రోజురోజుకీ రావాలి. ఇక్కడ రోజురోజుకీ పోతోంది.

"మోకాలు తప్పని నాకు తెలుసే," అన్నాడు ఉన్నట్టుండి. "ఆడు దారం కట్టీసినాడు. నువ్వేమో ఏడిసేత్తన్నావు. అలాటప్పుడు ఎలా సెప్పనే?"

"చెప్పాల్సింది."

"సెప్పాల్సిందే. బెల్లం అంబలి గొంతు దిగలేదు నాకు."

కింది తెలుపు వైపు చూసి, "బంగారమ్మకి నొప్పెట్టలేదు గదా?" అన్నాడు.

"అలా మాట్లాడకు."

"ఊరికే అడిగినాను."

ఊరికే అడగలేదని నాకు తెలుసు. రేపు తెల్లవారేసరికి తెలుపు ఆయన తల దాటుతుంది. ఈ రాత్రి ఎంత పిలిచినా పనికిరాదు.

ఆషాఢ బహుళ పంచమి, పొద్దు వాలుతుండగా. తెలుపు: అరుగు అంచున.

నేను దిగుతున్నాను. పెద్దల్ని అడగలేదు, చెప్పాను. పై తరగతి కుర్రవాళ్ళలో ఇద్దరు మేం దిగుతామన్నారు, వాళ్ళకి చంటిపిల్లలున్నారు, వద్దన్నాను. ఈ గోడ నాకు తెలిసినంత వాళ్ళకి తెలియదు.

చెయ్యబోయేది ఇది. తాడు కొస ఆయన నడుముకి ఉంది. దానికి కొంచెం పైన నేను కట్టుకుని దిగుతాను. పెద్దకొంగ పక్కన ఒక సన్నటి పగులు ఉంది, అందులో రెండు చేతులూ ఎడమ పాదం ఇరికించి నిలబడవచ్చు. అలా నిలబడి కుడితొడ మడిచి కొంగ కింద పెడతాను. ఆయన నా తొడ మీద మోకాలు వేసుకోవచ్చు. రాయి మీద లేని చోటు నా మీద ఉంటుంది. ఆ ఒక్క అడుగు దాటితే మిగతా గోడ ఆయన ఎక్కగలడు, అంతవరకు జగ్గునాయుడు బాగానే నేర్పాడు. తర్వాత నా సంగతి నేను చూసుకుంటాను.

ఆయన బరువు నాకు తెలుసు. నా చేతుల వయసు కూడా తెలుసు. జారితే ఇద్దరం ఒకేసారి వేలాడతాం. నిన్న ఒక్క మనిషి బరువుకే ఆ తాడు పీచైంది. ఇద్దరి బరువు పడితే ఆలోచించడానికి సమయం ఉండదు. పైన పట్టుకున్న మనిషినీ అంచు దాకా ఈడ్చుకుపోతుంది. ఆ మనిషి పోతే నెత్తి మీద తాడు పట్టడం సరిగ్గా వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు. తాడు పోతే గింజలూ లేవు.

కట్టుబాటు ప్రకారం మాకు చుట్టం కాని మనిషే తాడు పట్టాలి. అంటే జగ్గునాయుడే. అతని కత్తి తీసుకుని నేనే రాయి మీద నూరి, ఒక పాత తాడు ముక్క మీద పదును చూశాను. ఒక్క లాగుకి తెగింది. దాన్ని అతని నడుముకి కుడివైపు పెట్టాను, చెయ్యి తిన్నగా పడేలా.

"వత్తన్నావేటే?" అని కింద నుంచి కేక వేశాడు మా ఆయన. గొంతులో సంతోషం ఉంది. నేను దిగడం వద్దని రెండు రోజులు పోట్లాడిన మనిషే. పోట్లాడే ఓపిక కూడా అయిపోయింది.

"వస్తున్నాను మావా. మడమలు దించి నించో."

ఇంకో నాలుగు మాటలు రాశాక దినచర్య ఇక్కడ తొట్టి పక్కన రాయి కింద పెట్టేస్తాను. పై తరగతి ఇక ఎవరు చెబితే వాళ్ళు రాయాలి.

జగ్గునాయుడు అంచు దగ్గర కాళ్ళు రాతికి తన్నిపెట్టి కూర్చున్నాడు. తాడు నడుం చుట్టూ తిప్పుకున్నాడు. ముడి ఒకసారి సరిచూసుకుని అతని ఎదురుగా నిలబడ్డాను.

"ఈసారి జాలిపడకు తమ్ముడూ," అన్నాను.

"అలాగేనప్పా," అన్నాడు.

బావ పాసైపోనాడని చెప్పిన రోజున కూడా అతని గొంతు ఇలాగే మెత్తగా ఉంది.